ఫైల్‌జిల్లా సైట్ మేనేజర్: మూడు సర్వర్లకు మూడు రకాల సెట్టింగులు ఎలా పెట్టాలి? 421 ఎర్రర్, గజిబిజి తెలుగు పేర్లు, ఐదున్నర గంటల తేడా

బెజవాడ_డీటీపీ అడిగారు:

అందరికీ నమస్కారం. విజయవాడలో చిన్న డిజైన్ ఆఫీసు మాది. నాలుగు విండోస్ మెషిన్లు, అన్నిటికీ కలిపి ఒకటే బ్రాడ్‌బ్యాండ్. ఫైల్‌జిల్లాతో (సర్వర్లకు ఫైళ్లు పంపే ప్రోగ్రామ్) మూడు చోట్లకు ఫైళ్లు పంపుతాం. ఒక సైటుకని సెట్టింగ్ మారిస్తే ఇంకో సైటు ఆగిపోతోంది. వివరాలు ఇవీ:

1. షేర్డ్ హోస్టింగ్ (చాలామంది సైట్లు ఒకే సర్వర్‌లో), ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పాత పద్ధతి). మధ్యాహ్నం అందరూ పనిలో ఉన్నప్పుడు "421 టూ మెనీ కనెక్షన్స్ (8) ఫ్రమ్ దిస్ ఐపీ" అని వస్తుంది. ఈమధ్య డొమైన్ పేరు హోస్ట్ పెట్టెలో ఇస్తే అసలు కనెక్టే కావడం లేదు, టైమవుట్.

2. ఉబుంటు (లినక్స్) క్లౌడ్ సర్వర్, ఎస్‌ఎఫ్‌టీపీ (ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా భద్రంగా ఫైళ్లు పంపే పద్ధతి). కీ ఫైల్‌తో లాగిన్ అవుతుంది గానీ వెబ్‌సైట్ ఫోల్డర్‌లోకి అప్‌లోడ్ చేస్తే "పర్మిషన్ డినైడ్".

3. హైదరాబాద్ బ్రాంచిలో పాత నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు కలిపిన హార్డ్‌డిస్కుల పెట్టె), ఎఫ్‌టీపీ. తెలుగు ఫైలు పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. తెలుగు పేరున్న ఫైలు పంపబోతే "ఫెయిల్డ్ టు కన్వర్ట్ కమాండ్ టు 8 బిట్ క్యారెక్టర్ సెట్" అని ఆగిపోతుంది. ఫైళ్ల టైము 5:30 గంటలు ముందుకు చూపిస్తుంది, దాంతో "కొత్తదైతేనే ఓవర్‌రైట్" పెట్టుకుంటే మార్చిన ఫైళ్లు కూడా వెళ్లడం లేదు.

ఏది సైట్ మేనేజర్‌లో మార్చాలి, ఏది మెయిన్ సెట్టింగ్స్‌లో మార్చాలి? దేని ప్రభావం దేని మీద పడుతుంది?

తీగలమేస్త్రి:

ముందు రెండో ప్రశ్న తేల్చుకుందాం, మిగతావి దాన్ని బట్టే ఉంటాయి.

కంట్రోల్-ఎస్ కొడితే సైట్ మేనేజర్ వస్తుంది. అందులో ఒక్కో సైటుకు నాలుగు ట్యాబులు: జనరల్, అడ్వాన్స్‌డ్, ట్రాన్స్‌ఫర్ సెట్టింగ్స్, క్యారెక్టర్ సెట్. ప్రోటోకాల్, పోర్టు, ఎన్‌క్రిప్షన్, లాగిన్ పద్ధతి, డిఫాల్ట్ ఫోల్డర్లు, సర్వర్ టైము సవరణ, యాక్టివ్-పాసివ్, కనెక్షన్ల పరిమితి, అక్షరాల ఎన్‌కోడింగ్ ఆ సైటువే. అక్కడ ఏం మార్చినా పక్క సైటుకు తగలదు.

ఎడిట్ మెనూలోని సెట్టింగ్స్‌లో ఉన్నవి అన్ని సైట్లకూ ఒకటే. టైమవుట్ (మామూలుగా 20 సెకన్లు), మళ్లీ ప్రయత్నించే సంఖ్య, స్పీడ్ లిమిట్, ఫైలు ముందే ఉంటే ఏం చేయాలన్నది, ఆస్కీ-బైనరీ మోడ్, ప్రాక్సీ. ప్రాక్సీకి మాత్రం సైట్ మేనేజర్‌లో "బైపాస్ ప్రాక్సీ" అనే టిక్ ఒకటి ఉంది, అంతవరకే. నాస్ నెమ్మదిగా ఉందని టైమవుట్ పెంచితే మూడు సైట్లకూ పెరుగుతుంది, దానికి సైటువారీ పెట్టె లేదు. మీకు "ఒకటి మారిస్తే ఇంకోటి ఆగిపోవడం" ఇక్కడినుంచే వస్తోంది. సైటు సమస్యను మెయిన్ సెట్టింగ్స్‌లో సరిచేయబోతున్నారు.

పైన ఉండే క్విక్‌కనెక్ట్ బార్ వాడటం మానేయండి. అక్కడ హోస్టు పేరు కొట్టి కనెక్టయితే సైట్ మేనేజర్‌లో మీరు పెట్టినవేవీ వర్తించవు, అన్నీ డిఫాల్ట్‌లే. నాలుగు మెషిన్లలో ఒక్కరు క్విక్‌కనెక్ట్ వాడినా మీ కనెక్షన్ల లెక్క తప్పుతుంది. ఇప్పటికే అలా కనెక్టయి ఉంటే ఫైల్ మెనూలో "కాపీ కరెంట్ కనెక్షన్ టు సైట్ మేనేజర్" కొట్టండి, వివరాలు ఎంట్రీగా వచ్చేస్తాయి.

ఇక 421. ఆ మాటల తీరు ప్యూర్-ఎఫ్‌టీపీడీ సర్వర్‌ది. షేర్డ్ హోస్టింగ్‌లలో బాగా కనిపించే సర్వర్ అది, ఒక ఐపీకి 8 కనెక్షన్లు దాని డిఫాల్ట్. మీ నాలుగు మెషిన్లూ బయటికి ఒకే ఐపీగా కనిపిస్తాయి. ఫైల్‌జిల్లా ఫోల్డర్లు చూపించడానికి ఒక కనెక్షన్, ఫైళ్లు పంపడానికి డిఫాల్ట్‌గా ఇంకో రెండు తెరుస్తుంది. మెషిన్‌కు 3, నాలుగింటికి 12. తొమ్మిదో కనెక్షన్‌తోనే 421 మొదలవుతుంది. నెట్ మధ్యలో తెగితే ఆ పాత కనెక్షన్ చనిపోయిందని సర్వర్‌కు వెంటనే తెలియదు. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను ప్యూర్-ఎఫ్‌టీపీడీ డిఫాల్ట్‌గా 15 నిమిషాలు ఉంచుతుంది, అప్పటిదాకా అది కూడా ఎనిమిదిలో ఒకటే. ఫైల్‌జిల్లా మూసి తెరిచినా ఒక్కోసారి 421 పోకపోవడానికి కారణం ఇదే. 15 నిమిషాలు ఆగితే దానంతట అదే పోతుంది.

చేయాల్సింది ఇది. ఈ హోస్టింగ్ ఎంట్రీలో ట్రాన్స్‌ఫర్ సెట్టింగ్స్ ట్యాబ్‌కు వెళ్లి "లిమిట్ నంబర్ ఆఫ్ సైమల్టేనియస్ కనెక్షన్స్" టిక్ పెట్టండి. ఎక్కువగా అప్‌లోడ్ చేసే మెషిన్‌లో 2, మిగతా మూడింటిలో 1. ఆ ఒక్క మెషిన్‌లో బ్రౌజింగ్ కనెక్షన్‌ను విడిగా లెక్కేసుకున్నా మొత్తం 6 దాటదు, తెగిపోయి మిగిలిన కనెక్షన్లకు రెండు చోట్లు ఖాళీగా ఉంటాయి. 1 పెట్టిన చోట చూడటానికీ పంపడానికీ ఒకటే కనెక్షన్, కాబట్టి ఫైలు వెళ్తున్నంతసేపూ ఫోల్డర్ మారడం ఆగుతుంది. అది లోపం కాదు, అలాగే పనిచేస్తుంది. ఎడిట్ > సెట్టింగ్స్ > ఎఫ్‌టీపీలో "సెండ్ ఎఫ్‌టీపీ కీప్-అలైవ్ కమాండ్స్" ఆన్‌లో ఉంటే తీసేయండి, లేకపోతే భోజనానికి వెళ్లినవాళ్ల కనెక్షన్లను కూడా అది బతికించి ఉంచుతుంది.

డొమైన్ పేరుతో టైమవుట్ అంటున్నారు కదా, ఈమధ్య ఎవరైనా డొమైన్‌ను క్లౌడ్‌ఫ్లేర్ (సైటుకు ముందు నిలబడి ట్రాఫిక్ అందుకునే సేవ) కిందికి మార్చారేమో చూడండి. డీఎన్‌ఎస్ పేజీలో నారింజ రంగు మబ్బు గుర్తు ఉంటే ఆ పేరు క్లౌడ్‌ఫ్లేర్ ఐపీని ఇస్తుంది, అది వెబ్ ట్రాఫిక్‌నే అవతలికి పంపుతుంది. పోర్టు 21, 22 దాటవు. మీ హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లో సర్వర్ అసలు పేరు ఉంటుంది, హోస్ట్ పెట్టెలో అది పెట్టండి. టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను ఇతరులు చదవకుండా దాచే పద్ధతి) సర్టిఫికెట్ కూడా సాధారణంగా ఆ పేరు మీదే ఉంటుంది కాబట్టి పేరు కలవలేదన్న హెచ్చరిక కూడా పోతుంది. ఎన్‌క్రిప్షన్ దగ్గర "ఇఫ్ అవెయిలబుల్" అని ఉన్నదాన్ని "రిక్వైర్ ఎక్స్‌ప్లిసిట్ ఎఫ్‌టీపీ ఓవర్ టీఎల్‌ఎస్"గా మార్చండి, పోర్టు 21 అలాగే ఉండనివ్వండి. 990 పోర్టు ఇంప్లిసిట్ పద్ధతికి, రెండూ కలపకండి.

ట్రాన్స్‌ఫర్ మోడ్ "డిఫాల్ట్" ఉంచినా ఈ సైటుకు చాలు, అది పాసివ్‌కే వెళ్తుంది. యాక్టివ్ జోలికి పోవద్దు. యాక్టివ్‌లో సర్వర్ తిరిగి మీ మెషిన్‌కు కనెక్ట్ కావాలి. మామూలు ఎఫ్‌టీపీలో అయితే రూటర్ ఆ సంభాషణ చదివి దారి తెరవగలదు. టీఎల్‌ఎస్ పెట్టాక రూటర్‌కు లోపల ఏముందో కనిపించదు, దారి తెరుచుకోదు. లాగిన్ అయిపోయి ఫోల్డర్ లిస్టు దగ్గర ఆగిపోవడం, తర్వాత "425 కాంట్ ఓపెన్ డేటా కనెక్షన్" అనడం దీని లక్షణం.

అచ్చుతప్పు_లేకుండా:

మూడో సైటులో పేర్ల సంగతి నేను చెప్తాను.

ఆ "పిచ్చి గుర్తులు" జాగ్రత్తగా చూడండి. తల మీద చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ ఎ అక్షరం, దాని పక్కనే డిగ్రీ గుర్తు, తర్వాత ఇంకేదో. మళ్లీ అదే ఎ, ఈసారి పక్కన ప్లస్-మైనస్ గుర్తు. ఇలా మూడేసి గుర్తులుగా పేరంతా సాగుతుంటే ఫైలు పేరు సర్వర్‌లో చెక్కుచెదరలేదన్నమాట. యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన వరుసలో ప్రతి గుర్తూ యూటీఎఫ్-8లో (యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే పద్ధతి) 3 బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1. విండోస్ పాత ఇంగ్లిష్ పట్టికలో ఈ0 అంటే ఆ గీత ఎ, బీ0 అంటే డిగ్రీ, బీ1 అంటే ప్లస్-మైనస్. హల్లులూ, దీర్ఘమూ, గుడీ డిగ్రీతో వస్తాయి. కొమ్ము, ఎత్వం, పొల్లు ప్లస్-మైనస్‌తో వస్తాయి. డేటా సరిగ్గానే ఉంది, చదివే పట్టికే తప్పు.

ఎందుకు తప్పు పట్టిక వాడిందంటే, ఎఫ్‌టీపీ ప్రమాణం 1985 నాటిది, దాంట్లో ఇలాంటి పేర్ల ఊసు లేదు. యూటీఎఫ్-8 పేర్ల పద్ధతి 1999లో వచ్చింది. సర్వర్ తాను యూటీఎఫ్-8 వాడతానని ఫీట్ కమాండ్ జవాబులో చెప్పాలి. ఫైల్‌జిల్లా క్యారెక్టర్ సెట్ ట్యాబ్‌లోని "ఆటోడిటెక్ట్" ఆ జవాబును నమ్ముతుంది. సర్వర్ చెప్పకపోతే మీ విండోస్ స్థానిక పట్టికకు పడిపోతుంది. అందులో తెలుగు లేదు, అందుకే తెలుగు పేరున్న ఫైలు పంపబోతే ఆ "8 బిట్" ఎర్రర్. లాగ్‌లో "సర్వర్ డజ్ నాట్ సపోర్ట్ నాన్-ఆస్కీ క్యారెక్టర్స్" అన్న లైను ఉంటే ఇదే కారణం, ఇక వెతకనక్కర్లేదు.

మందు: నాస్ ఎంట్రీలో క్యారెక్టర్ సెట్ ట్యాబ్, "ఫోర్స్ యూటీఎఫ్-8", డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్. కనెక్షన్ తెగకుండా మారిస్తే పాత లిస్టే కనిపిస్తుంది. హోస్టింగ్, క్లౌడ్ ఎంట్రీలను ఆటోడిటెక్ట్‌లోనే వదిలేయండి.

గజిబిజి పేర్లు చూపించే రోజుల్లో ఎవరైనా ఆ ఫైళ్లను డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే, వాళ్ల డిస్కులో అవి గజిబిజి పేర్లతోనే ఉంటాయి. ఇప్పుడు ఫోర్స్ యూటీఎఫ్-8 పెట్టాక వాటిని తిరిగి పంపితే ఆ గీత ఎ, డిగ్రీలే మళ్లీ యూటీఎఫ్-8లోకి మారి సర్వర్‌లో నిలబడతాయి. అప్పుడు నిజంగానే పేరు చెడినట్టు. అందుకే ముందు ప్రతి మెషిన్‌లో అలాంటి ఫైళ్లు ఉన్నాయేమో వెతికి పక్కన పెట్టండి. ఒకవేళ ఇప్పటికే సర్వర్‌కు చేరితే, అది లినక్స్ అయి షెల్ లాగిన్ ఉంటే, కన్వ్‌ఎమ్‌వీ అనే కమాండ్‌కు "ఫిక్స్‌డబుల్" ఆప్షన్ ఉంది, రెండుసార్లు మారిన పేర్లను వెనక్కి తెస్తుంది. "నోటెస్ట్" ఆప్షన్ ఇవ్వకుండా నడిపితే ఏం మారుస్తుందో చూపిస్తుంది తప్ప మార్చదు, ముందు అలాగే నడపండి. పేర్లలో వరసగా ప్రశ్నార్థకాలు మాత్రమే ఉంటే ఆ పేరు పోయినట్టే, చేత్తో పెట్టుకోవాల్సిందే.

అడగకపోయినా ఇంకో రెండు విషయాలు, ఎందుకంటే తెలుగు పేర్లు వాడేవాళ్లకు ఇవి తప్పకుండా ఎదురవుతాయి. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లలో ఒక పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగుకు భాగిస్తే 85 గుర్తులు. 85 అక్షరాలు కాదు సుమా. "స్త్రీ" చూడటానికి ఒక్క అక్షరం, లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం 6 గుర్తులు, 18 బైట్లు. వార్త శీర్షికనే ఫైలు పేరుగా పెడితే విండోస్‌లో సేవ్ అవుతుంది, సర్వర్‌కు పంపితే తిరస్కరిస్తుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ హద్దు బైట్లలో కాదు, గుర్తుల లెక్కలో 255. అందుకే అక్కడ సరిపోయింది ఇక్కడ సరిపోదు.

రెండోది కంటికి కనిపించని తేడా. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత అతుకు ఆపే గుర్తును చేరుస్తాయి. "ఆగస్ట్" చివర అది ఉన్నా లేకపోయినా చూపుకు ఒకేలా ఉంటుంది, సర్వర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే, లింకు సరిగ్గా ఉన్నా 404 వస్తుంటే ముందు దీన్ని అనుమానించండి. పాత మ్యాకుల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కుల నుంచి వచ్చిన పేర్లలో ఐత్వం కూడా రెండు ముక్కలుగా విడిపోయి ఉండొచ్చు. "హైదరాబాద్"లో "హై" ఒకచోట 6 బైట్లు, ఇంకోచోట 9. కన్వ్‌ఎమ్‌వీలోనే "ఎన్‌ఎఫ్‌సీ" ఆప్షన్ దాన్ని కలుపుతుంది. వెబ్‌లో లింకుగా వెళ్లే ఫైళ్లకు ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాలూ, అంకెలూ, హైఫనూ తప్ప ఇంకేమీ వద్దని నా గట్టి అభిప్రాయం. తెలుగు పేర్లు ఆఫీసు నాస్‌లో ఉండనివ్వండి, అక్కడ మనుషులు చదువుకోవాలి కాబట్టి.

బెజవాడ_డీటీపీ:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఫోర్స్ యూటీఎఫ్-8 పెట్టగానే పేర్లు తెలుగులో వచ్చేశాయి. కనెక్షన్లు చెప్పినట్టే 2, 1, 1, 1 పెట్టాం. టైము తేడా మాత్రం అలాగే ఉంది. నాస్‌కు ఇంటినుంచి మొబైల్ హాట్‌స్పాట్‌తో కనెక్టయితే లాగిన్ అయ్యాక "సర్వర్ సెంట్ పాసివ్ రిప్లై విత్ అన్‌రూటబుల్ అడ్రస్" అని, ఆ తర్వాత 20 సెకన్లకు "ఫెయిల్డ్ టు రిట్రీవ్ డైరెక్టరీ లిస్టింగ్" అని వస్తోంది. ఇది ఫైల్‌జిల్లాలో సరిచేయగలమా?

రాత్రిడ్యూటీ:

టైము ముందు. సర్వర్ మెనూలో "ఎంటర్ కస్టమ్ కమాండ్" తెరిచి ఫీట్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. జవాబులో ఎమ్‌ఎల్‌ఎస్‌టీ (కొత్త తరహా లిస్టు కమాండ్) ఉంటే సర్వర్ టైమును యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే 5:30 వెనక) ఇస్తుంది, తేడా వచ్చే ప్రశ్నే లేదు. మీ పాత పెట్టెలో అది ఉండదు. అప్పుడు ఫైల్‌జిల్లా పాత లిస్ట్ కమాండ్‌కు వెళ్తుంది. లిస్ట్ జవాబులో టైము ఉంటుంది గానీ ఏ ప్రాంతపు టైమో ఉండదు. ఎమ్‌డీటీఎమ్ కమాండ్ ఉంటే ఫైల్‌జిల్లా ఒక ఫైలును విడిగా అడిగి తేడా లెక్కేసుకుంటుంది. అదీ లేకపోతే వచ్చిన టైమును యూటీసీ అనుకుని మీ విండోస్‌కు తగ్గట్టు 5:30 కలుపుతుంది. నాస్ ఇచ్చింది అప్పటికే మన టైము. ఉదయం 10:00 గంటల ఫైలు మధ్యాహ్నం 3:30 అయి కూర్చుంటుంది.

మార్చిన ఫైళ్లు ఎందుకు వెళ్లడం లేదో ఇప్పుడు చూడండి. ఉదయం 10:00కి నాస్‌కు చేరిన ఫైలును 1:00కి మీరు దిద్దారు. ఫైల్‌జిల్లా లెక్కలో అవతలిది 3:30ది, మీది 1:00ది. మీది పాతదని వదిలేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. క్యూలో విజయవంతమైనట్టే కనిపిస్తుంది కాబట్టి ఇది చాలా ప్రమాదకరమైన తప్పు.

నాస్ ఎంట్రీ, అడ్వాన్స్‌డ్ ట్యాబ్, "అడ్జస్ట్ సర్వర్ టైమ్": గంటల పెట్టెలో మైనస్ 5, నిమిషాల పెట్టెలో మైనస్ 30. రెండు పెట్టెలకూ మైనస్ ఉండాలి. నిమిషాలకు మైనస్ మర్చిపోతే లెక్క మైనస్ 4:30 అవుతుంది, గంట తేడా మిగిలిపోతుంది. మళ్లీ కనెక్టయి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పంపి, గోడ గడియారంతో పోల్చండి. పరీక్షకు పాత ఫైలు తీసుకోకండి. ఆరు నెలలు దాటిన ఫైళ్లకు లిస్ట్ జవాబులో గంటల చోట సంవత్సరం వస్తుంది, తేడా తెలియదు. ఇంకోటి, ట్రాన్స్‌ఫర్ మెనూలో "ప్రిజర్వ్ టైమ్‌స్టాంప్స్" ఆన్ చేసినా అప్‌లోడ్‌లో పనిచేయాలంటే సర్వర్‌కు ఫైలు టైము మార్చే ఎమ్‌ఎఫ్‌ఎమ్‌టీ కమాండ్ తెలిసుండాలి. దాన్నీ ఫీట్ జవాబులోనే చూడండి.

డైరెక్టరీ కంపారిజన్ వాడితే నాస్‌కు టైము బదులు సైజుతో పోల్చండి. దానికి ముందు ఎడిట్ > సెట్టింగ్స్ > ట్రాన్స్‌ఫర్స్ > ఫైల్ టైప్స్‌లో "ఆటో" తీసి "బైనరీ" పెట్టండి. ఆటోలో పీహెచ్‌పీ, సీఎస్‌ఎస్, హెచ్‌టీఎమ్‌ఎల్ వంటివి ఆస్కీగా వెళ్తాయి, విండోస్‌లో లైను చివర ఉండే రెండు బైట్లు అవతల ఒకటవుతాయి. వెయ్యి లైన్ల ఫైలు వెయ్యి బైట్లు తగ్గి తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇది అన్ని సైట్లకూ వర్తించే సెట్టింగే, కానీ మూడింటికీ బైనరీయే మంచిది.

ఇక ఇంటినుంచి కనెక్షన్. ఆ మొదటి లైను ఎర్రర్ కాదు, సమాచారం మాత్రమే. నాస్ తన లోపలి చిరునామా, 192.168తో మొదలయ్యేది, ఇచ్చింది. దానికి బయటినుంచి దారి లేదని ఫైల్‌జిల్లా గ్రహించి, మీరు కనెక్టయిన బయటి చిరునామానే వాడింది. అక్కడిదాకా మీ వైపు అంతా సరే. ఆగింది పోర్టు దగ్గర. పాసివ్‌లో ప్రతి లిస్టుకూ, ప్రతి ఫైలుకూ నాస్ ఒక కొత్త పోర్టు తెరుస్తుంది. హైదరాబాద్ రూటర్‌లో 21 ఒక్కటే ఫార్వర్డ్ చేసి ఉంటారు. నాస్ ఎఫ్‌టీపీ పేజీలో పాసివ్ పోర్టులకు ఒక వరస ఇవ్వండి, ఉదాహరణకు 50000 నుంచి 50100, అదే వరసను రూటర్‌లో నాస్ లోపలి ఐపీకి ఫార్వర్డ్ చేయండి. సైట్ మేనేజర్‌లో ఏం మార్చినా ఈ తలుపు తెరుచుకోదు. మొబైల్ హాట్‌స్పాట్ నుంచి యాక్టివ్ పెట్టి చూడటం కూడా వృథా, మొబైల్ నెట్‌లో బయటినుంచి మీ ల్యాప్‌టాప్‌కు ఎవరూ కనెక్ట్ కాలేరు.

ముందు ముందు బ్రాంచి ఇంటర్నెట్ కంపెనీని మార్చితే రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (రూటర్ బయటి వైపు ఐపీ) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే ఐపీ అయితే కంపెనీ మీ ముందు ఇంకో నాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే ఏర్పాటు) పెట్టిందని అర్థం. పోర్టు ఫార్వర్డింగ్ ఎంత చేసినా పనికిరాదు, పబ్లిక్ ఐపీ అడగాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. టీఎల్‌ఎస్ లేని పాత నాస్ ఎఫ్‌టీపీని ఇంటర్నెట్‌కు తెరవకండి, పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లో దారంతా వెళ్తుంది. పెట్టెలో ఎస్‌ఎఫ్‌టీపీ ఆప్షన్ ఉంటే దానికి మారండి. ఒకటే పోర్టు, పాసివ్ వరస అక్కర్లేదు, పేర్లు యూటీఎఫ్-8, టైము యూటీసీ. మీ నాలుగు సమస్యలూ ఒక్కసారే తీరతాయి. లేకపోతే రూటర్‌లో వీపీఎన్ పెట్టి లోపలినుంచే వాడండి.

తీగలమేస్త్రి:

రెండో సైటు మిగిలిపోయింది, అది కూడా పూర్తి చేద్దాం.

ఉబుంటు క్లౌడ్ ఇమేజిలో యూజర్ పేరు మామూలుగా ఉబుంటు. ఎస్‌ఎఫ్‌టీపీలో సుడో (తాత్కాలికంగా అడ్మిన్ హక్కులు ఇచ్చే కమాండ్) లేదు, ఆ యూజర్‌కు ఉన్న హక్కులే ఫైల్‌జిల్లాకు. వెబ్‌సైట్ ఫోల్డర్ రూట్ (సర్వర్ అడ్మిన్ ఖాతా) పేరున ఉంటే చదవగలరు, రాయలేరు. రూట్ లాగిన్ తెరవడం దీనికి జవాబు కాదు. సర్వర్ షెల్‌లో ఆ సైటు ఫోల్డర్ యజమానిని ఉబుంటుగా, గ్రూపును వెబ్ సర్వర్ గ్రూపుగా చౌన్ కమాండ్‌తో మార్చి, హక్కుల సంఖ్యగా లోపలి ఫోల్డర్లకు 2775, ఫైళ్లకు 664 ఇవ్వండి. మొదటి 2 వల్ల కొత్తగా వచ్చే ఫైళ్లు కూడా అదే గ్రూపులోకి వస్తాయి. 777 పెట్టమని ఎవరు చెప్పినా వినకండి.

సైట్ ఎంట్రీలో ప్రోటోకాల్ ఎస్‌ఎఫ్‌టీపీ, పోర్టు 22, లాగిన్ టైప్ "కీ ఫైల్". ప్రోటోకాల్ పొరపాటున ఎఫ్‌టీపీగా ఉండిపోతే "కెనాట్ ఎస్టాబ్లిష్ ఎఫ్‌టీపీ కనెక్షన్ టు యాన్ ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్" అని స్పష్టంగానే చెబుతుంది. పుట్టీజెన్ (కీలు తయారుచేసే ప్రోగ్రామ్) 0.75 వెర్షన్ నుంచి కీని పీపీకే మూడో రకంలో సేవ్ చేస్తుంది. పాత ఫైల్‌జిల్లా దాన్ని చదవలేదు. ఫైల్‌జిల్లాను అప్‌డేట్ చేయడమే సరైన పని. పేజెంట్‌లో (కీలను మెమరీలో ఉంచే ప్రోగ్రామ్) చాలా కీలు లోడ్ చేసి ఉంటే అవి ఒక్కొక్కటే ముందుకు వెళ్లి, అసలు కీ వంతు వచ్చేలోపే "టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్" రావచ్చు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ డిఫాల్ట్‌గా 6 ప్రయత్నాలే ఇస్తుంది.

మొదటిసారి కనెక్టయినప్పుడు వేలిముద్ర చూపించి నమ్మమంటారా అని అడుగుతుంది. "ఆల్వేస్ ట్రస్ట్" టిక్ పెట్టేముందు క్లౌడ్ కంపెనీ కన్సోల్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్‌తో సర్వర్ హోస్ట్ కీ వేలిముద్ర తీసి సరిపోల్చండి. తర్వాత ఎప్పుడైనా కీ మారిందని హెచ్చరిక వస్తే, సర్వర్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేశారని తెలిసినప్పుడే ఒప్పుకోండి.

అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో లోకల్ ఫోల్డర్, రిమోట్ ఫోల్డర్ రెండూ నింపి "సింక్రొనైజ్డ్ బ్రౌజింగ్" టిక్ పెట్టండి. ఇటు ఇమేజెస్ ఫోల్డర్ తెరిస్తే అటు కూడా అదే తెరుచుకుంటుంది. రిమోట్ ఫోల్డర్ ఎస్‌ఎఫ్‌టీపీలో మొదలు స్లాష్ నుంచి పూర్తి దారి ఇవ్వాలి. షేర్డ్ హోస్టింగ్‌లో మీ ఖాతా ఫోల్డరే స్లాష్‌గా కనిపిస్తుంది కాబట్టి అక్కడ దారి చిన్నది. ఒకదాని దారి ఇంకోదాంట్లో అతికించకండి. జనరల్ ట్యాబ్‌లో బ్యాక్‌గ్రౌండ్ కలర్ ఉంది, జనం చూసే సైట్లకు ఎరుపు పెట్టండి. రెండు ట్యాబులు పక్కపక్కన ఉన్నప్పుడు ఒక సైటు ఫైలు ఇంకో సైటు మీద పడకుండా కళ్లకు అదొక్కటే కాపలా.

బెజవాడ_డీటీపీ:

టైము సరిపోయింది, క్లౌడ్ సర్వర్‌కు అప్‌లోడ్ కూడా అయింది. నాస్‌కు ఎస్‌ఎఫ్‌టీపీ ఉందట, బ్రాంచి వాళ్లు ఆన్ చేస్తున్నారు. చివరిగా ఒకటి. ఈ ఎంట్రీలన్నీ మిగతా మూడు మెషిన్లకు పంపడానికి ఫైల్ > ఎక్స్‌పోర్ట్ వాడొచ్చా? పాస్‌వర్డ్‌లు కూడా వెళ్లిపోతాయా?

రాత్రిడ్యూటీ:

వాడొచ్చు. "ఎక్స్‌పోర్ట్ సైట్ మేనేజర్ ఎంట్రీస్" ఒక్కటే టిక్ పెట్టండి, అవతల ఫైల్ > ఇంపోర్ట్. పాస్‌వర్డ్‌లు వెళ్తాయి. మాస్టర్ పాస్‌వర్డ్ లేకపోతే ఆ ఎక్స్‌ఎంఎల్ ఫైలులో అవి బేస్64లో ఉంటాయి. చూడటానికి తాళం వేసినట్టుంటుంది గానీ అది తాళం కాదు, ఎవరైనా క్షణంలో విప్పేస్తారు. వాట్సాప్‌లో పంపకండి. ఎక్స్‌పోర్ట్‌కు ముందు ప్రతి ఎంట్రీ లాగిన్ టైపును "ఆస్క్ ఫర్ పాస్‌వర్డ్" చేస్తే ఫైలులో పాస్‌వర్డే ఉండదు. మీ మెషిన్‌లోని సైట్‌మేనేజర్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు కూడా ఇలాగే ఉంటుంది, యాప్‌డేటా కింద ఫైల్‌జిల్లా ఫోల్డర్‌లో. అందుకే ఎడిట్ > సెట్టింగ్స్ > ఇంటర్‌ఫేస్ > పాస్‌వర్డ్స్‌లో మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకోండి, 3.26 వెర్షన్ నుంచి ఉంది. అది మర్చిపోతే తిరిగి రాదు, అన్ని పాస్‌వర్డ్‌లూ కొత్తగా ఇవ్వాలి.

క్లౌడ్ సర్వర్ ప్రైవేట్ కీ మాత్రం నాలుగు మెషిన్లకూ కాపీ చేయకండి. మెషిన్‌కొక కీ చేసి, నాలుగు పబ్లిక్ కీలనూ సర్వర్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైలులో నాలుగు లైన్లుగా పెట్టండి. ల్యాప్‌టాప్ పోతే ఒక లైను తీసేస్తే చాలు. ఆ ఫైలుకు 600, దాని ఫోల్డర్‌కు 700 ఉండాలి. గ్రూపుకు గానీ ఇతరులకు గానీ రాసే హక్కు ఉంటే సర్వర్ కీని పట్టించుకోదు, లాగిన్ కాదు.

ఇంపోర్ట్ అయ్యాక ఆ మూడు మెషిన్లలో హోస్టింగ్ ఎంట్రీ కనెక్షన్ల పరిమితి 2 నుంచి 1కి దించడం మర్చిపోకండి, మీ మెషిన్ సంఖ్యే అక్కడికీ వెళ్తుంది.